ఎమ్‌మ్యాప్: ఫైల్ మెమరీగా మారాక ఎర్రర్ ఎక్కడ తేలుతుంది?

సి భాషలో ఫైల్ చదవడానికి అందరికీ మొదట నేర్పేది ఒకటే పద్ధతి. ఓపెన్ చెయ్యాలి, బఫర్ ఒకటి పెట్టుకోవాలి, రీడ్ పిలవాలి, ఎన్ని బైట్లు వచ్చాయో చూసుకోవాలి, అయిపోయేదాకా మళ్లీ మళ్లీ పిలవాలి. ఎమ్‌మ్యాప్ అనే సిస్టమ్ కాల్ ఈ లూప్ మొత్తాన్నీ తీసేస్తుంది. ఫైల్‌ని ప్రాసెస్ అడ్రస్ స్పేస్‌లో ఒకచోట తగిలించి, ఆ చోటికి పాయింటర్ చేతికిస్తుంది. ఆపైన ఫైల్‌లో 70 లక్షలవ బైట్ కావాలన్నా ఆ పాయింటర్‌ని మామూలు అర్రేలా వాడుకుని ఇండెక్స్ వేస్తే చాలు. ఫైల్‌లో చదివే చోటు మార్చే ఎల్‌సీక్ అక్కర్లేదు, బఫర్ అక్కర్లేదు.

సౌకర్యం నిజమే. కానీ రీడ్‌తో పాటు ఇంకొకటి కూడా పోతుంది. అది రీడ్ ఇచ్చే రిటర్న్ వాల్యూ. డిస్క్‌లో సెక్టార్ పాడైనా, నెట్‌వర్క్ డ్రైవ్ తెగిపోయినా రీడ్ మైనస్ ఒకటి ఇచ్చి, కారణం ఎర్‌నో అనే వేరియబుల్‌లో పెడుతుంది. ఫైల్ మధ్యలో కుదించుకుపోతే తక్కువ బైట్లు ఇస్తుంది. ఒక ఇఫ్ రాసుకుంటే ప్రోగ్రామ్ తట్టుకుంటుంది. మెమరీ నుంచి ఒక బైట్ తెచ్చే సీపీయూ ఇన్‌స్ట్రక్షన్‌కి అలాంటి జవాబు ఇచ్చే వీలే లేదు. ఎమ్‌మ్యాప్ మీద జరిగే చర్చలు ఎక్కువగా వేగం చుట్టూ తిరుగుతాయి. అసలు తేల్చుకోవాల్సింది మాత్రం ఇది: ఆ ఫైల్ విషయంలో తప్పు జరిగితే, ఆ సంగతి ప్రోగ్రామ్‌కి ఎవరు చెబుతారు?

తెర వెనక జరిగేది

ఎమ్‌మ్యాప్‌కి ఆరు ఆర్గ్యుమెంట్లు. ఏ అడ్రస్‌లో పెట్టాలి, ఎంత పొడవు, ఆ మెమరీతో ఏం చెయ్యనివ్వాలి, మార్పులు అందరికీ కనపడాలా వద్దా, ఏ ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ఓపెన్ ఇచ్చే నంబర్), ఫైల్‌లో ఎక్కడి నుంచి. మొదటిదానికి దాదాపు ఎప్పుడూ నల్ ఇచ్చి, చోటు ఎంచుకునే పని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌కే వదిలేస్తారు. కాల్ ఫెయిలైతే వచ్చేది నల్ కాదు, మ్యాప్_ఫెయిల్డ్ అనే విలువ, అంటే మైనస్ ఒకటిని పాయింటర్‌గా మార్చినది. మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ అలవాటుతో నల్ కోసం చెక్ చేస్తే ఫెయిలైన కాల్ కూడా పాసైపోయి, తర్వాతి లైన్‌లో ప్రోగ్రామ్ కూలుతుంది. కాల్ సక్సెస్ అయ్యాక ఫైల్ డిస్క్రిప్టర్‌ని వెంటనే క్లోజ్ చేసెయ్యొచ్చు. మ్యాపింగ్ దాని మీద ఆధారపడదు, మ్యాపింగ్‌ని తీసేసే మున్‌మ్యాప్ పిలిచేదాకానో ప్రాసెస్ ముగిసేదాకానో నిలబడి ఉంటుంది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఎమ్‌మ్యాప్ పిలిచిన క్షణంలో ఫైల్‌లోంచి మామూలుగా ఒక్క బైట్ కూడా చదవదు. ఈ అడ్రస్ నుంచి ఆ అడ్రస్ దాకా ఫలానా ఫైల్‌కి చెందుతుందని కెర్నల్ తన లెక్కల్లో రాసుకుంటుంది, అంతే. అందుకే పది గిగాబైట్ల ఫైల్‌ని మ్యాప్ చేసినా కాల్ చిటికెలో తిరిగొస్తుంది. మెమరీని పేజీలు అనే సమాన ముక్కలుగా విడగొట్టి, ఏ అడ్రస్ వెనక ర్యామ్‌లోని ఏ ముక్క ఉందో పేజ్ టేబుల్‌లో రాసుకుంటారు. ప్రోగ్రామ్ మొదటిసారి ఒక బైట్‌ని ముట్టుకున్నప్పుడు ఆ పేజీకి పేజ్ టేబుల్‌లో ఎంట్రీ లేక సీపీయూ పేజ్ ఫాల్ట్ లేపుతుంది. కెర్నల్ రంగంలోకి దిగి, ఆ పేజీ అప్పటికే పేజ్ క్యాష్‌లో, అంటే ఫైళ్ల డేటాని కెర్నల్ ర్యామ్‌లో దాచుకునే చోట, ఉంటే టేబుల్‌లో ఎంట్రీ వేసి వదిలేస్తుంది. దీన్ని మైనర్ ఫాల్ట్ అంటారు. లేకపోతే డిస్క్ నుంచి తెప్పించి, అప్పటిదాకా ఆ థ్రెడ్‌ని పడుకోబెడుతుంది. ఇది మేజర్ ఫాల్ట్.

పేజ్ క్యాష్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. లినక్స్‌లో రీడ్ కూడా సాధారణంగా ఇదే క్యాష్ ద్వారానే పని చేస్తుంది. తేడా చివరి అడుగులో ఉంది. రీడ్ ఆ క్యాష్‌లోని బైట్లని ప్రోగ్రామ్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. ఎమ్‌మ్యాప్ ఆ క్యాష్ పేజీలనే ప్రోగ్రామ్‌కి చూపిస్తుంది. ఒకే ఫైల్‌ని నాలుగు ప్రాసెస్‌లు మ్యాప్ చేసి చదివితే ర్యామ్‌లో ఉండేది ఒక్క కాపీయే. ఎమ్‌మ్యాప్‌ని ఎన్నడూ పిలవని ప్రోగ్రామర్ కూడా రోజూ దీని మీదే బతుకుతున్నాడు. ఎల్ఎస్ లాంటి చిన్న కమాండ్‌ని, సిస్టమ్ కాల్స్‌ని చూపించే ఎస్‌ట్రేస్ కింద నడిపి చూస్తే, డైరెక్టరీ జోలికి వెళ్లకముందే ఎమ్‌మ్యాప్ కాల్స్ వరసగా కనపడతాయి. సి లైబ్రరీని, తక్కిన షేర్డ్ లైబ్రరీలని లోడర్ తగిలించేది అలాగే. లినక్స్‌లో మామూలుగా ఉండే సి లైబ్రరీ జీలిబ్‌సీలోని మాలాక్ కూడా పెద్ద ముక్క అడిగితే, డిఫాల్ట్‌గా 128 కిలోబైట్ల హద్దు దాటాక, ఏ ఫైల్‌కీ చెందని అనానిమస్ మ్యాపింగ్ తీసుకొస్తుంది.

ఫైల్‌నీ మెమరీనీ ఒకటిగా చూడాలన్న ఆలోచన ఈ కాల్ కంటే చాలా పాతది. 1960లలో మొదలైన మల్టిక్స్ సిస్టమ్‌లో సెగ్మెంట్లన్నీ నేరుగా అడ్రస్ వేసి వాడుకునేవే. యూనిక్స్ వైపు 1983 నాటి 4.2 బీఎస్‌డీ డాక్యుమెంటేషన్‌లో ఎమ్‌మ్యాప్ వర్ణన ఉంది, అమలు మాత్రం జరగలేదు. అది పని చేసే రూపంలో పేరు తెచ్చుకున్నది 1988లో వచ్చిన సన్‌ఓఎస్ 4.0తో.

5000 బైట్ల ఫైల్‌లో ఎన్ని గుంటలు

పేజీ హద్దుల సంగతి ఒక చిన్న ఫైల్‌తో చూస్తే బాగా అర్థమవుతుంది. పేజీ సైజు 4096 బైట్లు, ఫైల్ సైజు 5000 బైట్లు. 5000 పొడవు అడిగి మ్యాప్ చేస్తే కెర్నల్ ఇచ్చేది రెండు పూర్తి పేజీలు, అంటే 8192 బైట్లు. 0 నుంచి 4999 దాకా ఫైల్‌లోని డేటా. 5000 నుంచి 8191 దాకా సున్నాలు. ఆ సున్నాల మీద ఏదైనా రాస్తే ఎవరూ అడ్డు చెప్పరు, కానీ అది ఫైల్‌లోకి ఎప్పటికీ చేరదు. 8192వ బైట్ దగ్గరికి వెళ్తే, పక్కన ఇంకేదీ తగిలించి లేకపోతే, సెగ్మెంటేషన్ ఫాల్ట్.

ఇప్పుడు అదే ఫైల్‌ని 12288 పొడవుతో, అంటే మూడు పేజీలుగా మ్యాప్ చేద్దాం. ఫైల్ అంత లేదు కదా అని కెర్నల్ అభ్యంతరం పెట్టదు, కాల్ సక్సెస్ అవుతుంది. 8192వ బైట్‌ని ముట్టుకుంటే మాత్రం ఈసారి వచ్చేది సిగ్‌బస్ అనే సిగ్నల్, పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌ని చంపేసేది. రెండింటికీ తేడా ఉంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటే ఆ అడ్రస్ మీకు చెందదనో, అక్కడ ఆ పని చెయ్యడానికి అనుమతి లేదనో అర్థం. సిగ్‌బస్ అంటే అడ్రస్ మీదే, కానీ దాని వెనక ఉండాల్సిన ఫైల్ భాగం దొరకడం లేదు. డీబగ్ చేసేటప్పుడు ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడే కొత్తవాళ్లని బాగా ఇబ్బంది పెట్టే బగ్ ఒకటుంది. టెక్స్ట్ ఫైల్‌ని మ్యాప్ చేసి, వచ్చిన పాయింటర్‌ని స్ట్రింగ్ అనుకుని స్టర్‌లెన్‌కో స్టర్‌స్టర్‌కో ఇచ్చేస్తారు. 5000 బైట్ల ఫైల్‌తో టెస్ట్ చేస్తే చక్కగా నడుస్తుంది, ఎందుకంటే చివరి పేజీలో మిగిలిన సున్నాలు స్ట్రింగ్ ముగింపులా పనికొచ్చాయి. ఫైల్ సరిగ్గా 4096 లేదా 8192 బైట్లు ఉన్న రోజున చివర ఒక్క సున్నా కూడా ఉండదు, ఫంక్షన్ హద్దు దాటి పోతుంది. నాలుగు వేల ఫైళ్లలో ఏ ఒక్కదానికో ఇలా కుదురుతుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు, కస్టమర్ దగ్గర దొరుకుతుంది. ఫైల్ వివరాలు చెప్పే ఎఫ్‌స్టాట్‌తో తెలుసుకున్న పొడవుని ఎప్పుడూ పాయింటర్‌తో పాటే తిప్పుకోవడం, మెమ్‌సీహెచ్ఆర్ లాంటి పొడవు తీసుకునే ఫంక్షన్లే వాడటం దీనికి మందు.

ఖాళీ ఫైల్ ఇంకో గుంట. సున్నా పొడవుకి ఎమ్‌మ్యాప్ ఈఇన్‌వాల్ (ఆర్గ్యుమెంట్ చెల్లదు) ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి ఆ సందర్భాన్ని విడిగా చూసుకోవాల్సిందే. ఆఫ్‌సెట్ కూడా పేజీ సైజుకి గుణిజంగా ఉండాలి. దాన్ని 4096 అని కోడ్‌లో నేరుగా రాసేస్తే ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్లలో నడుస్తుంది, పేజీ 16 కిలోబైట్లు ఉండే ఆపిల్ ఎమ్ సిరీస్ మ్యాక్‌ల మీద ఫెయిలవుతుంది. పేజీ సైజుని సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ని అడిగి తెలుసుకోవాలి.

ఎమ్‌మ్యాప్ నిజంగా సుఖపెట్టే చోటు చెప్పాలంటే తెలుగు టెక్స్టే మంచి ఉదాహరణ. యూటీఎఫ్-8లో తెలుగు బ్లాక్‌లోని ప్రతి కోడ్ పాయింట్‌కీ 3 బైట్లు. 'కా' రాస్తే క అక్షరానికి 3, దీర్ఘానికి 3, మొత్తం 6. 4096 బైట్ల బఫర్‌తో రీడ్ పిలిస్తే, ఖాళీలు లేని తెలుగు పాఠంలో 1365 కోడ్ పాయింట్లు పట్టి, ఒక బైట్ మిగులుతుంది. ఆ మిగిలింది తర్వాతి అక్షరంలో మూడో వంతు. అంటే ప్రతి బఫర్ చివరా తెగిన బైట్లని దాచుకుని, తర్వాతి రీడ్‌లో వచ్చిన వాటితో కలిపి అతికించే కోడ్ రాయాలి. ఈ అతుకుల్లోనే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకపు డైమండ్లు పుడుతుంటాయి. మ్యాప్ చేసిన ఫైల్‌లో బఫర్ హద్దు అనేదే లేదు. మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా ఒకే వరస, అక్షరం ఎక్కడా తెగదు. ఒత్తులు, గుణింతాలు ఉన్న పదాన్ని వెనక్కీ ముందుకీ కదిలి చూడాలన్నా ఏ ఇబ్బందీ ఉండదు.

వేగం లెక్కలు

ఎమ్‌మ్యాప్ కాపీని తప్పిస్తుంది కాబట్టి రీడ్ కంటే తప్పకుండా వేగమని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ఒక గిగాబైట్ ఫైల్ అంటే 4 కిలోబైట్ల పేజీలు 2,62,144. ప్రతి పేజీకీ ఫాల్ట్ పడితే సీపీయూ యూజర్ మోడ్ నుంచి కెర్నల్‌లోకి అన్నిసార్లు వెళ్లి రావాలి. లినక్స్ కెర్నల్ ఒక ఫాల్ట్‌లోనే చుట్టుపక్కల క్యాష్‌లో ఉన్న పేజీలని కూడా, డిఫాల్ట్‌గా 64 కిలోబైట్ల మేర, కలిపి తగిలిస్తుంది. అలా చూసినా 16,384 ఫాల్టులు. అదే ఫైల్‌ని 128 కిలోబైట్ల బఫర్‌తో రీడ్ చేస్తే 8,192 కాల్స్‌తో అయిపోతుంది. కాపీ ఖర్చు ఉన్నా, నేటి ప్రాసెసర్లు వరసగా ఉన్న మెమరీని చాలా వేగంగా కాపీ చేస్తాయి. కాబట్టి ఫైల్‌ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదివి వదిలేసే పనికి సరైన సైజు బఫర్‌తో రీడ్ సమానంగానో, ఒక్కోసారి మెరుగ్గానో ఉంటుంది.

ఎమ్‌మ్యాప్ గెలిచేది అటూ ఇటూ దూకుతూ, అదే డేటా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే పనుల్లో. డిక్షనరీ ఫైల్‌లో బైనరీ సెర్చ్, ఇండెక్స్ ఫైళ్లు, ఫాంట్ ఫైళ్లు. ఒకసారి తగిలిన పేజీని మళ్లీ చదవడానికి సిస్టమ్ కాల్ ఖర్చు సున్నా. ఎమ్‌అడ్వైజ్ ద్వారా మన పద్ధతిని కెర్నల్‌కి ముందే చెప్పొచ్చు. సీక్వెన్షియల్ అంటే ముందుచూపుతో ఎక్కువ చదివిపెడుతుంది, ర్యాండమ్ అంటే అనవసరంగా చదవడం మానేస్తుంది. గాలించే సాధనమైన రిప్‌గ్రెప్ ఈ తేడాని చక్కగా పట్టించుకుంది. ఒక్క ఫైల్‌లో వెతకమంటే మ్యాప్ చేస్తుంది, డైరెక్టరీలో వేల చిన్న ఫైళ్లు ఉంటే మామూలుగా చదువుతుంది. చిన్న ఫైల్‌కి మ్యాపింగ్ వేసి తీసే ఖర్చే దండగ.

ఒక ఖర్చు మాత్రం ఏ బెంచ్‌మార్క్‌లోనూ సరిగా కనపడదు. మేజర్ ఫాల్ట్ పడితే ఆ థ్రెడ్ అక్కడే ఆగుతుంది. ఒకే థ్రెడ్‌లో వేల కనెక్షన్లని నడిపే సర్వర్ అయితే, అమాయకంగా కనపడే ఒక అర్రే ఇండెక్స్ దగ్గర అందరూ కలిసి డిస్క్ కోసం ఎదురుచూడాలి. రీడ్ అయితే వేరే థ్రెడ్‌కి అప్పగించొచ్చు, ఆగకుండా చదివించే లినక్స్ సదుపాయమైన ఐఓ యూరింగ్‌లో పెట్టొచ్చు. ఏ లైన్‌లో ఆగుతుందో తెలియని దాన్ని ఎవరికి అప్పగించాలి?

రాయడం మొదలుపెడితే

మ్యాప్_ప్రైవేట్‌తో తగిలిస్తే రాసిన మార్పులు మన ప్రాసెస్‌కే పరిమితం. రాసిన క్షణంలో ఆ ఒక్క పేజీకి సొంత కాపీ తయారవుతుంది, ఫైల్ చెక్కుచెదరదు. ఈ కాపీ ఆన్ రైట్ యంత్రాంగంలోని ఒక రేస్ కండిషన్ (రెండు పనులు ఒకేసారి జరిగినప్పుడు వరస తారుమారయ్యే తప్పు) వల్లే 2016 అక్టోబర్‌లో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌ని ప్రైవేట్‌గా మ్యాప్ చేసి, సరైన సందు చూసి రాస్తే ఆ రాత అసలు ఫైల్ పేజీల్లోకే పోయేది. మామూలు యూజర్ సర్వాధికారాలున్న రూట్ యూజర్ అయిపోవడానికి అది చాలు. 2007 నుంచీ కెర్నల్‌లోనే ఉండి, తొమ్మిదేళ్ల తర్వాత సరిదిద్దుకున్న లోపం అది.

మ్యాప్_షేర్డ్ అయితే రాసింది ఫైల్‌కే వెళ్తుంది. ఎప్పుడు వెళ్తుందనేది కెర్నల్ ఇష్టం. ప్రోగ్రామ్ కూలిపోయినా పేజ్ క్యాష్‌లోని మార్పులు నిలుస్తాయి, కరెంటు పోతే మాత్రం గ్యారంటీ లేదు. కచ్చితంగా డిస్క్‌కి చేరాలంటే ఎమ్‌సింక్ కాల్‌ని ఎంఎస్_సింక్ ఫ్లాగ్‌తో పిలవాలి. ఎంఎస్_అసింక్ ఇస్తే 2.6.19 కెర్నల్ నుంచీ లినక్స్‌లో ఆ కాల్ అసలేమీ చెయ్యదు.

ఫైల్‌ని, సైజు మార్చే ఎఫ్‌ట్రంకేట్ కాల్‌తో పెద్దది చేసి మ్యాప్ చెయ్యడం మామూలే. అలా పెంచిన భాగానికి డిస్క్‌లో చోటు అప్పుడే దొరకదు, రాసినప్పుడు దొరుకుతుంది. ఆ లోపు డిస్క్ నిండిపోతే రైట్ కాల్ అయితే చోటు లేదని మర్యాదగా చెప్పేది. మ్యాపింగ్‌లో అయితే పాయింటర్ ద్వారా చేసిన ఒక మామూలు అసైన్‌మెంట్ మీద సిగ్‌బస్ పడి ప్రోగ్రామ్ పోతుంది. పోసిక్స్ ఫాలకేట్‌తో చోటు ముందే కేటాయించుకోవడం ఈ ఒక్కదానికీ సరైన జాగ్రత్త.

డేటాబేస్‌లకి అసలు తలనొప్పి వరస క్రమం. ముందు లాగ్ డిస్క్‌కి చేరాలి, తర్వాతే డేటా పేజీ చేరాలి అనేది చాలా డేటాబేస్‌లు పెట్టుకునే నియమం. షేర్డ్ మ్యాపింగ్‌లో మారిన ఏ పేజీనైనా, ఎప్పుడైనా డిస్క్‌కి పంపే స్వేచ్ఛ కెర్నల్‌కి ఉంది. దాన్ని ఆపడానికి మామూలు ప్రోగ్రామ్ దగ్గర సాధనం లేదు. మాంగోడీబీ అనే డేటాబేస్ మొదట్లో ఎమ్‌మ్యాప్ మీదే కట్టిన స్టోరేజ్ ఇంజిన్ వాడింది. 3.2 వెర్షన్‌లో వైర్డ్‌టైగర్ అనే వేరే ఇంజిన్‌ని డిఫాల్ట్ చేసి, 2019 నాటి 4.2లో పాతదాన్ని పూర్తిగా తీసేసింది. 2022లో సీఐడీఆర్ అనే డేటాబేస్ పరిశోధన సదస్సులో ఆండ్రూ క్రాటీ, విక్టర్ లైస్, ఆండ్రూ పావ్లో డేటాబేస్‌లకి ఎమ్‌మ్యాప్ ఎందుకు తగదో వాదిస్తూ చూపించిన కారణాల్లో ఈ క్రమం సమస్య, ఎర్రర్ల సమస్య, ఎక్కడ ఆగుతుందో తెలియని సమస్య మూడూ ఉన్నాయి. దానికి ఎదురు ఉదాహరణ ఎల్ఎమ్‌డీబీ అనే చిన్న డేటాబేస్ లైబ్రరీ. అది మొత్తం డేటాబేస్‌ని మ్యాప్ చేస్తుంది, కానీ డిఫాల్ట్‌గా చదవడానికి మాత్రమే. రాతలు మామూలు రైట్ కాల్స్‌తో, పాత పేజీని చెరపకుండా కొత్త పేజీలోకి వెళ్తాయి. అంటే ఎమ్‌మ్యాప్‌లో మేలు చేసే సగాన్ని తీసుకుని, కెర్నల్ ఇష్టానికి వదలాల్సిన సగాన్ని పక్కన పెట్టింది. ఆ ముగ్గురి వాదనకీ ఎల్ఎమ్‌డీబీ తీరుకీ మధ్య పెద్ద వైరుధ్యం లేదనే అనిపిస్తుంది.

కాళ్ల కింద ఫైల్ కుదించుకుపోతే

చదవడానికి మాత్రమే మ్యాప్ చేసినా ఒక ప్రమాదం మిగిలే ఉంది. మనం మ్యాప్ చేశాక వేరే ప్రాసెస్ ఆ ఫైల్‌ని సున్నాకి ట్రంకేట్ చేస్తే, తర్వాత ముట్టుకున్న పేజీ మీద సిగ్‌బస్. ఫైళ్లలో పదాలు వెతికే జీఎన్‌యూ గ్రెప్‌లో ఒకప్పుడు ఎమ్‌మ్యాప్ వాడమని చెప్పే ఆప్షన్ ఉండేది. వెతుకుతుండగా ఫైల్ చిన్నదైతే ప్రోగ్రామ్ కూలొచ్చని దాని మాన్యువల్‌లోనే హెచ్చరిక రాశారు, తర్వాత ఆ ఆప్షన్‌నే తీసేశారు.

సిగ్‌బస్‌ని హ్యాండ్లర్ పెట్టి పట్టుకుని, ముందు గుర్తు పెట్టుకున్న చోటికి దూకించే సిగ్‌లాంగ్‌జంప్‌తో బయటపడటం సాధ్యమే. సొంత ప్రోగ్రామ్‌లో అలా చెయ్యొచ్చు గానీ లైబ్రరీలో మాత్రం ఇది చెడ్డ ఆలోచన. సిగ్నల్ హ్యాండ్లర్ మొత్తం ప్రాసెస్‌కి ఒక్కటే, దాన్ని అప్లికేషన్ ఇంకో పనికి పెట్టుకుని ఉండొచ్చు. లినక్స్ 3.17లో, ర్యామ్‌లోనే ఉండే ఫైళ్ల కోసం వచ్చిన మెమ్‌ఎఫ్‌డీ సీలింగ్ ఈ చిక్కుకి మూలంలోనే పరిష్కారం ఇచ్చింది. మెమరీ ఫైల్‌ని పంపేవాడు ఇది ఇక కుదించబడదని సీల్ వేస్తే, అందుకున్నవాడు సీల్ ఉందో లేదో చూసుకుని నిశ్చింతగా మ్యాప్ చేస్తాడు. డిస్క్ మీది మామూలు ఫైళ్లకి మాత్రం ఆ రక్షణ లేదు.

అక్కడ క్రమశిక్షణే దిక్కు. నడుస్తున్న ప్రోగ్రామ్ వాడుతున్న షేర్డ్ లైబ్రరీ మీద సీపీ కమాండ్‌తో కొత్తది కాపీ చేస్తే, అదే ఐనోడ్ (పేరుతో పని లేకుండా డిస్క్‌లో ఉండే అసలు ఫైల్) సున్నాకి కుదించుకుని మళ్లీ నిండుతుంది, మ్యాప్ చేసుకున్న ప్రోగ్రామ్‌లు కూలిపోవచ్చు. కొత్త కంటెంట్‌ని వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక రీనేమ్‌తో పాత పేరు మీదికి తెస్తే, పాత ఐనోడ్‌ని మ్యాప్ చేసుకున్నవాళ్లు చివరిదాకా పాత డేటానే చూస్తారు, కొత్తగా తెరిచినవాళ్లకి కొత్తది దొరుకుతుంది. ప్యాకేజ్ మేనేజర్లు లైబ్రరీలని మార్చే పద్ధతి ఇదే. డేటా ఫైళ్లని మ్యాప్ చేసే ఏ ప్రోగ్రామ్ రాసినా, వాటిని తయారుచేసే స్క్రిప్ట్ కూడా ఇలాగే రాయాలి. రెండూ వేరు వేరు టీముల చేతిలో ఉంటే ముందే మాట్లాడుకోవాలి.

ఈ షరతులన్నీ చక్కగా కుదిరిన నేటి ఉదాహరణ భాషా మోడళ్ల ఫైళ్లు. భాషా మోడళ్లని సొంత మెషీన్‌లో నడిపే లామా.సీపీపీ ప్రోగ్రామ్, వెయిట్ల (మోడల్ నేర్చుకున్న సంఖ్యల) ఫైల్‌ని డిఫాల్ట్‌గా మ్యాప్ చేసే తెరుస్తుంది. ఫైల్ అనేక గిగాబైట్లు, ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక ఎవరూ మార్చరు, చదవడం తప్ప రాయడం లేదు. రెండోసారి నడిపితే పేజీలు క్యాష్‌లోనే ఉంటాయి కాబట్టి వెంటనే సిద్ధం. అయితే డెన్స్ రకం మోడల్ ప్రతి టోకెన్‌కీ, అంటే తను రాసే ప్రతి మాట ముక్కకీ, దాదాపు అన్ని వెయిట్లనీ ముట్టుకుంటుంది. ర్యామ్ ఫైల్ కంటే చిన్నదైతే కెర్నల్ ఒక పక్క పేజీలు తీసేస్తూ, ఇంకో పక్క అవే పేజీలని డిస్క్ నుంచి మళ్లీ తెస్తూ ఉంటుంది. మెమరీ చాలలేదన్న ఎర్రర్ ఎక్కడా రాదు, టోకెన్లు మాత్రం ఒక్కోటీ ఈడ్చుకుంటూ వస్తాయి. మేజర్ ఫాల్టుల సంఖ్యని టైమ్ కమాండ్ వెర్బోస్ ఆప్షన్‌తో చూస్తే కారణం అక్కడ దొరుకుతుంది. మ్యాపింగ్ మానేసి నేరుగా చదవమనే ఆప్షన్, పేజీలని ర్యామ్‌లోనే బిగించి ఉంచమనే ఎమ్‌లాక్ ఆప్షన్ రెండూ ఆ ప్రోగ్రామ్‌లో పెట్టింది ఇలాంటి సందర్భాల కోసమే.